రోహిణి కార్తెలో స్లాబుకి చలేసింది

అప్పటిదాకా రాష్ట్రంలో కాంక్రీటు ఎవరి అనుమతీ లేకుండానే గట్టిపడుతూ వచ్చింది. సిమెంటూ ఇసుకా కంకరా నీళ్ళూ కలిపి పోయడం, పైన గోనె సంచులు పరిచి చిన్న చిన్న మళ్ళు కట్టి పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టడం, కొన్నాళ్ళకి అది రాయి అయి కూర్చోవడం. దీన్నే క్యూరింగ్ అంటారు. ఇంత ముఖ్యమైన వ్యవహారం ఇన్నేళ్ళుగా ప్రభుత్వానికి తెలియకుండా జరిగిపోతోందని రాజధానిలో కాంక్రీటు పరిపక్వతా పర్యవేక్షణ విభాగం డైరెక్టరు విద్యాపతి గారికి ఒకరోజు భోజనం చేస్తుండగా తట్టింది. ఆయన చాలా నొచ్చుకున్నారు. పెరుగన్నం కూడా కలపలేదట.

ఆ నొప్పిలోంచి ఒక సర్క్యులర్ పుట్టింది. ఇకనుంచి ప్రతి ప్రభుత్వ స్లాబులోనూ తీగలు లేని సెన్సార్లు పెట్టాలి. అవి లోపలి వేడి ఎంతుందో కనిపెట్టి గంటగంటకీ రాజధానికి కబురు పంపుతాయి. అక్కడి కంప్యూటర్ ఆ వేడిని బట్టి స్లాబు ఎంత గట్టిపడిందో లెక్క కడుతుంది. గోడంత తెర మీద పచ్చదీపం వెలిగేవరకూ ఏ స్లాబూ గట్టిపడినట్టు కాదు. దాని కింద ఆసరాగా నిలిపిన సెంట్రింగు కర్ర ఒక్కటి కూడా తీయకూడదు. సుత్తితో కొట్టి చూసి "అయిపోయింది బాబూ" అనే మేస్త్రీల అలవాటు ఆ రోజుతో నేరమైంది.

పరికరం మంచిదే, దాన్ననకూడదు. ఈ కథ మొత్తంలో ఒక్క అబద్ధమూ ఆడనిది అదొక్కటే.

సముద్రపొడ్డున పూడిరేవు అనే చిన్న ఊరుంది. ఆ ఊరి మునిసిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరు రొంగలి జగన్నాథం. మంచివాడు. ఎంత మంచివాడంటే, పై అధికారి ఫోన్ చేస్తే లేచి నిలబడి, చొక్కా పై గుండీ పెట్టుకుని, అప్పుడు మాట్లాడతాడు. ఆ ఊళ్ళో చేపల మార్కెట్ కట్టించే పని అతని నెత్తిన పడింది. పడిందనడం తప్పు, అతనే ఎదురెళ్ళి నెత్తికెత్తుకున్నాడు.

ఎందుకంటే పూడిరేవులో చేపలమ్మే ఆడవాళ్ళందరూ ఏళ్ళ తరబడి మెయిన్ రోడ్డు మీద, మురిక్కాలవ గట్టున కూర్చుని అమ్ముతున్నారు. నిరుడు వానల్లో ఒక బస్సు గోతిలో దిగి, కాలవ నీళ్ళన్నీ చేపల బుట్టల మీద పోసి పోయింది. గనగళ్ల దానమ్మ అనే ఆవిడ, వాళ్ళందరికీ పెద్ద, ఆ బుట్టను అలాగే తలకెత్తుకుని మునిసిపల్ ఆఫీసుకొచ్చి జగన్నాథం టేబుల్ మీద దింపింది. "ఇయ్యి నువ్వు తింతావేటి బాబూ?" అంది. జగన్నాథం తినలేదు. తలొంచుకుని, వచ్చే వానలకి మార్కెట్ కట్టిస్తానని మాట ఇచ్చాడు.

కౌన్సిల్ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు, కాని ఒక మెలిక పెట్టారు. వేసవిలో సముద్రంలో వేట నిషేధం ఉంటుంది కదా, అది ముగిసి బోట్లు కదిలే రోజుకి మార్కెట్ తెరవాలి. తెరవకపోతే ఆ స్థలం కార్ల పార్కింగ్‌కి ఇచ్చేస్తారు. ఊళ్ళో కార్లున్న షావుకార్లు అప్పుడే అటొచ్చి రెండు ప్రదక్షిణలు చేసి, ఎవరి కారు ఎక్కడ పెట్టాలో చూసుకుని పోయారు.

స్లాబు పోసే వారంలో సెన్సార్ల డబ్బా వచ్చింది. పైన "బిగించు వరకు చల్లని ప్రదేశమున భద్రపరచవలెను" అని రాసుంది. జగన్నాథం దాన్ని స్టోర్ గుమాస్తా పాపినాయుడి చేతిలో పెట్టాడు. పాపినాయుడు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. అంతకంటే ఒక్క వీసమెత్తు ఎక్కువ చేయడు, తక్కువా చేయడు. సర్వీసులో అతని మీద ఒక్క మచ్చ లేకపోవడానికి అదే కారణం.

అది వైశాఖం. పూడిరేవులో చల్లని ప్రదేశం ఎక్కడుంది? కమిషనర్ గదిలో ఏసీ రిపేరుకని వెళ్ళి, స్టెబిలైజర్ ఒక్కటే తిరిగొచ్చింది. మందుల షాపు వాడిని ఫ్రిజ్‌లో కాస్త చోటడిగితే, "ఇందులో కుక్కకాటు మందులున్నాయండి, కరెంటోళ్ళ పరికరాలు పెట్టకూడదు" అన్నాడు. ఊరంతా తిరిగి తిరిగి పాపినాయుడు చివరికి మార్కెట్ స్థలం దగ్గరికే వచ్చాడు. ఆ మూల టార్పాలిన్ కింద దానమ్మ, నాటు పడవలవాళ్ళు తెచ్చే కాసిని చేపల్ని పెద్ద ఐసు పెట్టెలో వేసుకుని కూర్చుని ఉంది.

"కాసింత సల్లటి జాగా కావాలి పిన్నీ, గవర్నమెంటు సరుకు" అన్నాడు.

"పెట్టుకో నాయినా, దానికేటి? వంజరం సేప పక్కన కాళీ ఉంది" అంది దానమ్మ, ఐసు ఇటూ అటూ తోసి.

ఇక స్లాబు పోసే రోజు. కొబ్బరికాయ కొట్టారు. కాంక్రీటు కలిపే మిల్లరు గడగడలాడుతోంది. కూలీలు తట్టలతో బారు తీరారు. సెన్సార్లని ఇనప ఊచలకి కట్టడానికి రాజధాని నుంచి రావలసిన నిపుణుడు మాత్రం రాలేదు. నిపుణులకి శిక్షణ ఇచ్చే తరగతిలో ఉన్నాడట. జగన్నాథం పైన సెంట్రింగు మీద నిలబడి కిందికీ పైకీ చూస్తుండగా, కింద ఆఫీసు సెల్‌ఫోన్ మోగింది. పాపినాయుడు తీశాడు. రాజధానిలో పెద్ద తెర ముందు విద్యాపతి గారు, చుట్టూ పెద్దలు, బొకేలు. ముహూర్తం దాటిపోతోంది.

"పరికరాలు ఆన్ చేయండి!" అన్నారు డైరెక్టరు గారు.

ఆన్ చేయమన్నారు. బయటికి తీయమనలేదు. ఊచలకి కట్టమనలేదు. పాపినాయుడు ఐసు పెట్టె మూత తెరిచి, వంజరాన్ని పక్కకి జరిపి, ఒక్కొక్క పరికరం మీదా మీట నొక్కి, మూత వేశాడు. రాజధానిలో తెర మీద "పూడిరేవు" అని వెలిగింది. చప్పట్లు మోగాయి. "పోయండి!" అని ఫోన్లో వినపడింది. పాపినాయుడు పైకి చూసి "పోయమంటన్నారు సార్!" అని కేకేశాడు. జగన్నాథం, ఏర్పాట్లన్నీ అయ్యాయి కాబోలనుకుని, పోయించాడు.

స్లాబు అయిపోయి, కూలీలకి బిర్యానీ పెట్టి, చేతులు కడుక్కుంటూ జగన్నాథం అడిగాడు. "పాపినాయుడూ, సెన్సార్లు ఎక్కడ కట్టావయ్యా?"

"కట్టనేదు సార్. ఆన్ చేశాను."

"మరి ఎక్కడున్నాయి?"

"సల్లని ప్రదేశముననే ఉన్నాయి సార్."

పాపినాయుడు దానమ్మ ఐసు పెట్టె వైపు వేలు చూపించాడు. కాంక్రీటేమో అప్పటికే బిగిసింది, వేలు పెడితే దిగడం లేదు. జగన్నాథం నేరుగా పెట్టె దగ్గరికి పోయి మూత తీసి చూశాడు. వంజరాల మధ్య ప్రభుత్వ పరికరాలు మినుకుమినుకుమంటున్నాయి.

తప్పు జరిగితే చెప్పెయ్యాలని అతని స్వభావం. పై గుండీ పెట్టుకుని రాజధానికి ఫోన్ చేశాడు.

"ఆఁ, జగన్నాథం గారూ! అభినందనలు" అన్నారు విద్యాపతి గారు. "మీ స్లాబు రెండు డిగ్రీలు చూపిస్తోంది. రాష్ట్ర చరిత్రలో ఇంతటి శీతల స్లాబు నమోదు కాలేదు."

"అది స్లాబుది కాదు సార్. సెన్సార్లు స్లాబులో లేవు. చేపలావిడ ఐసు పెట్టెలో ఉన్నాయి. పొరపాటు జరిగింది సార్, క్షమించాలి."

డైరెక్టరు గారు ఎంతో ఓపిగ్గా, పిల్లవాడికి ఎక్కం చెబుతున్నట్టు చెప్పారు. "మీరిప్పుడు నాకు చెప్పిందేమిటి?"

"నిజం సార్."

"కాదు. మీరు చెప్పింది మానవ పరిశీలన. మానవ పరిశీలన దోషభూయిష్టమని నిర్ధారించుకున్నాకే కదా విభాగం ఈ పరికరాలను ప్రవేశపెట్టింది? పరికరం ఒకటి చెప్పి, మనిషి ఇంకొకటి చెప్పినప్పుడు మనిషి మాటే వినేటట్టయితే ఇక పరికరం దేనికి?"

జగన్నాథం ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఆ మాటలో సందు దొరకలేదు.

"పోనీ, వాటిని తీసి స్లాబు మీద పెట్టమంటారా సార్?"

"కదిలించారో, నమోదైన ప్రామాణిక సమాచారాన్ని తారుమారు చేసినట్టు. ఆ మరుక్షణం సస్పెన్షన్." ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రమే కంప్యూటర్ లెక్క కట్టి చెప్పింది. చలికి సిమెంటు బిగుసుకోదట. ఈ లెక్కన పూడిరేవు స్లాబు గట్టిపడటానికి ఏడేళ్ళు పడుతుందట.

ఇక్కడేమో మేస్త్రీ రోజూ నీళ్ళు పెడుతున్నాడు, స్లాబు రోజురోజుకీ రాయి అవుతోంది. అంచుల మీద ఆడవాళ్ళు నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకుంటున్నారు. పొద్దున పోస్తే మధ్యాహ్నానికి గలగలలాడుతున్నాయి. కాని ప్రభుత్వం దృష్టిలో అది ఇంకా జావే. జావ కింద నిలబెట్టిన సెంట్రింగు కర్రలు తీయడానికి వీల్లేదు. కర్రల మధ్య దుకాణాలు పెట్టడానికీ వీల్లేదు.

"ఏడేళ్ళా?" అంది దానమ్మ. "నానెక్కడుంటాను బాబూ అప్పుటికి? వోనలొచ్చేత్తన్నాయి. మళ్ళీ ఆ కాలవ గట్టు మీద కూకోమంతే నా వల్ల కాదు. నా బుట్ట కాలవలోకి ఇసిరేసి ఇంటికాడ కూకుంతాను, అంతే."

జగన్నాథానికి ఏడుపొచ్చినంత పనైంది. ఇచ్చిన మాట ఒకవైపు, కొలువు ఒకవైపు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు.

ఈ లోపల రాజధానిలో ఊరికే కూర్చోలేదు. ఏదో మంచుదేశం నుంచి తెప్పించిన గ్రంథాన్ని తెలుగు చేయించి "శీతల మండల కాంక్రీటు సంరక్షణ మార్గదర్శకాలు" అని పంపించారు. స్లాబు మీద ఉన్ని గొంగళ్ళు కప్పాలి. నాలుగు మూలలా కుంపట్లు వెలిగించాలి. సిబ్బంది చలికోట్లు, చెవులు మూసే టోపీలు ధరించాలి. ప్రతి ఉదయం పేరుకున్న మంచును పారలతో తొలగించాలి.

అప్పటికి రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. కాకులు కూడా చెట్ల కొమ్మలు దిగడం లేదు. అలాంటి ఎండలో, హాస్టలు నుంచి తెచ్చిన గొంగళ్ళు స్లాబు మీద పరిచి, నాలుగు మూలలా బొగ్గులు రాజేసి, మధ్యలో పాపినాయుడు మంకీ టోపీ పెట్టుకుని పార పట్టుకుని నిలబడ్డాడు. మార్గదర్శకాల్లో అలాగే ఉంది మరి. ఊళ్ళో జనం పనిగట్టుకుని వచ్చి చూసిపోయేవారు. పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపించేవారు.

"ఓలమ్మో, సలి గాని ఎక్కువైపోనాదేటి పాపినాయుడూ?" అని అడిగేవారు చేపలావిడలు.

"రెండు డిగ్రీలు" అనేవాడు అతను చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకుని. నవ్వేవాడు కాదు.

రోజూ పొద్దున్నే రాజధాని నుంచి ఫోన్. "ఎంత మంచు పేరుకుంది?"

"లేదండి."

"లేదంటే ఎవరో తొలగించారన్నమాట. ఎవరి అనుమతితో తొలగించారు?" ఈ ప్రశ్నకి జవాబు దొరక్క పాపినాయుడు మూడో రోజు నుంచి "కొంచెం పేరుకుందండి, తొలగించుచున్నామండి" అనడం మొదలుపెట్టాడు. ఆనాటి నుంచి అడగడం మానేశారు.

ఒకరోజు దానమ్మకి ఒక ఉపాయం తోచింది. "ఆ యంతరాలు కదపకూడదు, అంతే గదా బాబూ? పెట్టెలో ఐసు ఎయ్యకుండా ఉండకూడదని ఎవుడూ అన్లేదు గదా?" అని, తన చేపలన్నీ పక్కావిడ పెట్టెలోకి మార్చేసి, ఐసు కరిగిపోనిచ్చింది. జగన్నాథం సంతోషానికి మేర లేదు. ఇక వేడెక్కుతుంది, పరికరం నిజం చెబుతుంది, పచ్చదీపం వెలుగుతుంది!

మధ్యాహ్నానికి పెట్టె ఉడికింది. రాజధానిలో సైరన్ మోగింది. డైరెక్టరు గారే స్వయంగా ఫోన్ చేశారు.

"జగన్నాథం గారూ! రెండు నుంచి ఒక్కసారిగా నలభైకి ఎగబాకింది! ఆకస్మిక ఉష్ణాఘాతం! స్లాబు బీటలు వారిపోతుంది! ఏం చేస్తారో నాకు తెలియదు, తక్షణం పూర్వపు శీతల స్థితిని పునరుద్ధరించండి!"

"ఎలా సార్?"

"ఐసు వేయండయ్యా! పరికరం ఉన్నచోట నిరంతరం ఐసు ఉండాలి. ఎంత కావాలో అంతకీ ఇప్పుడే మంజూరు చేస్తున్నాను."

ఆ సాయంత్రం నుంచి ప్రభుత్వ ఖర్చుతో రోజూ రెండు పూటలా ఐసు బండి వచ్చి దానమ్మ పెట్టె నింపి పోవడం మొదలైంది. స్లాబు మీద కుంపట్లు యథాప్రకారం మండుతూనే ఉన్నాయి. పైన నిప్పూ ప్రభుత్వానిదే, కింద ఐసూ ప్రభుత్వానిదే. ఏ ఒక్కటి మానినా ఏదో ఒక మార్గదర్శకం ఉల్లంఘించినట్టే. దానమ్మ చేపలు మాత్రం చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేనంత తాజాగా ఉంటున్నాయని పేరొచ్చింది.

ఆమెకి సంతోషం లేదు. "ఐసిచ్చినారు గాని జాగా ఇవ్వనేదు గదా బాబూ" అంది. బోట్లకి రంగులు వేస్తున్నారు. వలలు బాగు చేస్తున్నారు. నిషేధం ముగియడానికి ఇక ఎన్నాళ్ళో లేదు. పార్కింగ్ గీతలు గీయడానికని షావుకార్లు సున్నం బస్తా కూడా తెచ్చి గేటు పక్కన పెట్టుకున్నారు. దాన్ని చూసినప్పుడల్లా జగన్నాథానికి ఒళ్ళు మండిపోయేది. పుట్టి బుద్ధెరిగిన తరువాత అతనికి కోపం రావడం అదే మొదలు. ఆ కోపంలో రాజధానికి మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గుండీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

"సార్, ఆ స్లాబు గట్టిగా ఉంది. మీరొచ్చి నిలబడి చూడండి సార్!"

"వస్తున్నాను" అన్నారు విద్యాపతి గారు అనూహ్యంగా. "మీ స్లాబు మీద నేనొక పరిశోధనా పత్రం సమర్పించబోతున్నాను. శీతల స్లాబుతో ఒక ఫొటో అవసరం."

డైరెక్టరు గారు మిట్టమధ్యాహ్నం దిగారు. ఏసీ కారు తలుపు తెరిచేసరికి పొయ్యి మీద కుండ మూత తీసినట్టు ఆవిరి ముఖాన కొట్టింది. ఆయన మోకాళ్ళదాకా ఉన్న ఉన్ని కోటు తొడుక్కుని ఉన్నారు. మెడకి మఫ్లరు. ఫోన్ తీసి చూసుకున్నారు. రెండు డిగ్రీలు. కోటు గుండీలు పైదాకా పెట్టుకున్నారు.

"గాలి లేకపోవడం చేత శైత్యం అంతగా తెలియడం లేదు" అన్నారు.

నిచ్చెన ఎక్కి స్లాబు మీదికి వెళ్ళారు. నాలుగు వైపులా కుంపట్లు, కింద గొంగళ్ళు, పైన నడినెత్తిన సూర్యుడు. స్థలం చుట్టూ ఉన్న గట్ల మీద చేపలావిడలంతా కొంగులు నెత్తికి కప్పుకుని చూస్తున్నారు. ఆయన కోటు జేబులో చేతులు పెట్టుకుని ప్రసంగం మొదలుపెట్టారు. "మానవుడు తన చర్మం చెప్పే అసత్యాలకు లోబడి..." అనేవరకు వచ్చి, కళ్ళు తేలవేసి, గొంగళ్ళ మీద దబ్బున కూలబడ్డారు.

"ఎండదెబ్బ! నీళ్ళు!" అని జగన్నాథం కేకేశాడు.

పాపినాయుడు కదల్లేదు. మార్గదర్శకాలు తెరిచి చూశాడు. అందులో ఉంది: స్లాబు పరిసరాలలో ఎవరైనా సొమ్మసిల్లినచో చలిదెబ్బగా భావించి, గొంగళ్ళు కప్పి, కుంపట్లు చేరువగా జరపవలెను, శీతల పదార్థములేవీ ఇవ్వరాదు. చదివి, పుస్తకం మూసి, డైరెక్టరు గారి మీద ఒక గొంగడి కప్పాడు. ఇంకోటి కప్పాడు. ఒక కుంపటి ఇటు లాక్కొచ్చాడు.

విద్యాపతి గారు చప్పున కళ్ళు తెరిచారు. "ఏమిటయ్యా ఇది! తీయండి! నీళ్ళు! ఉక్కపోసి చచ్చిపోతున్నాను!"

జగన్నాథం గొంగడి తీయబోయాడు. చెయ్యి మధ్యలో ఆగింది. గేటు పక్కనున్న సున్నం బస్తా కనపడింది. గట్టు మీద నిలబడ్డ దానమ్మ కనపడింది. అతను డైరెక్టరు గారి పక్కన వినయంగా మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించాడు.

"సార్, తమరికి ఉక్కగా ఉందన్నది తమరి పరిశీలన సార్. పరికరం రెండు డిగ్రీలంటోంది. తమరు కూడా మనిషే కదా సార్."

ఆ మాటలో సందు ఉండదని విద్యాపతి గారికి తెలుసు, తయారుచేసింది ఆయనే. పాపినాయుడు మూడో గొంగడి దులుపుతున్నాడు.

ఈలోగా దానమ్మ పెద్ద ఐసు గడ్డ ఒకటి చీరకొంగులో పట్టుకుని నిచ్చెనెక్కి వచ్చింది. నీళ్ళు బొట్లు బొట్లుగా ఆయనకి అందీ అందనంత దూరంలో పడుతున్నాయి. "ఈ బాబుకి తగిలింది ఎండా, సలా? సెప్పండి. ఎండైతే ఐసెడతాను. సలైతే ఇంకో గొంగడి తెత్తాను."

"ఎండ! ఎండ తల్లీ!"

"ఎండైతే మరి ఈ సిలాబు ఏటిలో ఉన్నాదిన్నాళ్ళూ? ఎండలోనే గదా? గట్టిపడినాదా, నేదా?"

"పడింది!" అని అరిచారు విద్యాపతి గారు. "రాయి! కొండ! నా నడుం విరిగింది దాని మీద పడి! కర్రలు తీసేసుకోండి, మార్కెట్ తెరుచుకోండి, ముందు ఆ ఐసు నెత్తిన పెట్టు తల్లీ!"

గట్ల మీద ఆడవాళ్ళు ఒక్కసారిగా ఈలలు వేశారు. దానమ్మ ఐసు పెట్టింది. ఎంతో ప్రేమగా, సొంత కొడుక్కి పెట్టినట్టు పెట్టింది. ఆయన్ని కిందికి దింపి స్లాబు నీడలో పడుకోబెట్టి, ఉప్పేసి మజ్జిగ తాగించారు.

సాయంత్రానికి మజ్జిగ పనిచేసి ఆయన మళ్ళీ డైరెక్టరు అయ్యారు. అన్న మాట ఊరందరి ముందు అన్నారు, వెనక్కి తీసుకోలేరు. పరికరం తప్పనీ అనలేరు. అక్కడికక్కడే ఒక ఉత్తర్వు చెప్పి రాయించారు. పూడిరేవు స్లాబు రెండు డిగ్రీల శైత్యంలోనే సంపూర్ణ పరిపక్వత సాధించినది. ఇది ప్రపంచంలోనే ప్రప్రథమ శీతల పరిపక్వత. కనుక పరికరమూ సత్యమే, స్లాబూ గట్టిదే. పచ్చదీపం వెలిగించడమైనది.

కర్రలు తీశారు. స్లాబు వెంట్రుకవాసి కూడా వంగలేదు. బోట్లు కదిలిన రోజున, తొలి వాన దబదబా కురుస్తుండగా, చేపలావిడలు బుట్టలెత్తుకుని లోపలికి వచ్చి వరసగా కూర్చున్నారు. మెయిన్ రోడ్డు మీద ఒక బస్సు గోతిలో దిగి కాలవ నీళ్ళు ఎగజిమ్మింది. అక్కడెవరూ లేరు. జగన్నాథం గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి, వానలో ఎవరికీ తెలియదు కదా అని, కాసేపు హాయిగా ఏడ్చాడు.

రాజధానిలో విద్యాపతి గారి పరిశోధనా పత్రాన్ని మెచ్చి ఆయనకి శాలువా కప్పారు. శాలువా ఆయన వెంటనే మడతపెట్టించేశారట. వారం తిరక్కుండా కొత్త సర్క్యులర్ వచ్చింది. పూడిరేవు విజయాన్ని రాష్ట్రమంతటా విస్తరింపజేయడానికి ఇకనుంచి ప్రతి స్లాబు దగ్గరా ఒక ఐసు పెట్టె ఏర్పాటు చేసి, సెన్సార్లను అందులోనే ఉంచాలి. పూడిరేవు పెట్టెలో ఉన్నవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఆ పెట్టెలలోనూ ఉండవలెను.

రెండు రోజుల తరువాత, సముద్రం ముఖం ఎరగని ఏదో మెట్ట ఊరి నుంచి ఒక అసిస్టెంట్ ఇంజనీరు జగన్నాథానికి ఫోన్ చేశాడు. పాపం, ఏడుపు గొంతు.

"అన్నా, వంజరమే వేయాల్నా? మాకాడ దొరకడం లేదు. చెరువు చేప వేస్తే నడుస్తుందా?"

జగన్నాథం మార్కెట్లోనే ఉన్నాడు. ఫోన్ చేత్తో మూసి దానమ్మని అడిగాడు. ఆవిడ తన అరుగు మీద కాళ్ళు మడిచి కూర్చుని, చేప పొలుసు తీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఏ సేపైనా పరవానేదని సెప్పు బాబూ. గాని రోజూ తాజా సేప మార్చాలి. కుళ్ళిన సేపెడితే సిలాబు బీటలిచ్చేస్తాదని సెప్పు."

జగన్నాథం చెప్పాడు. అవతలివాడు "థ్యాంక్సన్నా, రాసుకుంటున్నా" అన్నాడు.